నూఱు తప్పుల వెనుక నున్న యొక తప్పు

మా పాఠశాల వార్షిక సంచికకు ఏదేని యొక వ్యాసము వ్రాసి పంపవలసినదని సంపాదకులు కోరినప్పుడు మేము మొదట యాత్రావర్ణన మొకటి వ్రాయుదమని తలంచితిమి. కాని గత వేసవిలో ఈ పాఠశాల కార్యాలయముననే కూర్చుండి, నాలుగు దినములు ఒక యంత్రముచేత మందలింపబడి, తుదకు దాని మాట పెడచెవిని బెట్టినందున కొన్ని బీద కుటుంబములకు కష్టము కలిగించిన వృత్తాంతము మా మనస్సును విడువకున్నది. యాత్రావర్ణనకంటె నిదియే చదువుకొను పిల్లలకు ఎక్కువ యుపయోగపడునని తోచి, సిగ్గు విడిచి వ్రాయుచున్నాము.

మేము ఈ పాఠశాలలో పదవ తరగతి వఱకు చదివి, పిమ్మట పట్టణమునకు బోయి కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయు వృత్తిలో బ్రతుకుచున్నవారము. సెలవులలో ఊరికి వచ్చినప్పుడెల్ల పాఠశాలకు బోయి పెద్దలను దర్శించుట మాకు వాడుక. అట్లు గత యేప్రిలు నెలలో వెళ్లినప్పుడు ప్రధానోపాధ్యాయులు మమ్ము కార్యాలయమునకు దోడ్కొనిపోయి, గుమాస్తాగారి బల్లమీద నున్న రుసుముల దస్తరమును జూపిరి. "ముప్పదినాలుగు సంవత్సరములనుండి ఈ లెక్క యంతయు వీరి చేతివ్రాతతోను, వీరి జ్ఞాపకముతోను నడచుచున్నది. వచ్చు జూలైలో వీరు పని విరమించుకొందురు. తరువాత ఏ బిడ్డకు సగము రుసుము, ఏ బిడ్డకు పూర్తి మినహాయింపు అను సంగతి చెప్పువా రుండరు. నీవు నేర్చిన విద్య మన కిప్పు డుపయోగింపరాదా?" అని యడిగిరి. కాదనజాలక యొప్పుకొంటిమి. పదవ తరగతికి వచ్చిన యిద్దరు విద్యార్థులు మాకు తోడుగా వచ్చిరి.

జరిగిన సంగతి తెలియుటకు ముందుగా రెండు విషయములు చెప్పవలసి యున్నది.

మొదటిది కంపైలరు. మనము వ్రాయు ప్రోగ్రాము యంత్రమునకు సూటిగా తెలియదు. దానిని యంత్ర మెఱుగు భాషలోనికి మార్చునట్టి వేఱొక ప్రోగ్రామునే కంపైలరందురు. అమెరికా దేశమునందు గ్రేస్ హాపరు అను విదుషీమణి 1952వ సంవత్సరము నాటికి ఏ-0 అను పేరుతో అట్టి ప్రయత్నమున కొక తొలి రూపము నిచ్చిరి. కంపైలరు మార్చుటతోనే యూరకుండదు. మన వ్రాత నంతయు ముందుగా పరీక్షించి, ఫలాని పుటయందు ఫలాని పంక్తిలో ఫలాని లోపము కలదని చెప్పి, అది దిద్దువఱకు ముందునకు సాగనీయదు. ప్రోగ్రాము పని చేయుటకు బూనక పూర్వమే యిట్లు చెప్పు తప్పులను కంపైలు తప్పులందురు.

రెండవది డిపెండెన్సీ ఇంజెక్షను. పేరు భయపెట్టునేగాని భావము మన వసతి గృహమున దినమును జూచునదే. వంటవానికి బియ్యము, పప్పు, కట్టెలు కావలయును. అతడు పొలమునకు బోయి వడ్లు దంచుకొని రాడు. అడవికి బోయి కట్టెలు కొట్టుకొని రాడు. నాకు ఇవి యివి కావలయునని చీటి వ్రాసి యిచ్చును. ఉగ్రాణము చూచువారు ఆ చీటి చదివి వస్తువుల నందించెదరు. బియ్యము ఏ యంగడినుండి వచ్చెనో వంటవాని కక్కఱ లేదు. రేపు అంగడి మాఱినను అతని వంట మాఱదు. ప్రోగ్రామునందును ఇట్లే. ఒక భాగము తనకు గావలసిన యితర భాగములను దానే తయారుచేసికొనక, నాకు ఇవి కావలయునని ముందుగా చెప్పుకొనును. ఆ చీటీల నన్నిటిని జదివి, దేనికి ముందు దేనిని నిర్మింపవలయునో నిర్ణయించి, అందఱకు అందిచ్చు ఉగ్రాణమునే కంటెయినరందురు.

ఈ పద్ధతికి ఆ పేరు స్థిరపడినది ఇటీవలనే. మార్టిన్ ఫౌలరు 2004వ సంవత్సరము జనవరిలో వ్రాసిన యొక వ్యాసమువలన డిపెండెన్సీ ఇంజెక్షను అను మాట ప్రోగ్రాములు వ్రాయువారిలో వ్యాపించెను. జావా అను భాషకు స్ప్రింగు అనియు, 2007వ సంవత్సరమున గూగులువారు వెలువరించిన గ్యూసు అనియు కంటెయినరులు గలవు. ఇవి సాధారణముగా ప్రోగ్రాము నడచుట కారంభించిన పిమ్మటనే చీటీలను జదువును. కావున ఉగ్రాణములో లేనిదేదియో అప్పుడే బయటపడును. 2012వ సంవత్సరమున స్క్వేరు అను సంస్థవారు డాగరు అను కంటెయినరును వెలువరించిరి. దానినే గూగులువారు క్రొత్తగా వ్రాసి 2015వ సంవత్సరమున రెండవ డాగరుగా విడుదల చేసిరి. ఆంగ్లమున డాగరనగా కఠారి. కాని తిరిగి మొదటికి రాని బాణముల పటమునకు ఆంగ్లమునందు గల పేరులోని తొలి యక్షరములనుండి ఈ పేరు పుట్టినది. ఇది చీటీలను కంపైలరు పరీక్షించు సమయముననే చదివి, ఏది కొఱవడినను అప్పుడే తప్పు చెప్పును. వంట మొదలుపెట్టిన పిమ్మట బియ్యము లేవని తెలియుటకంటె పొయ్యి రాజేయక మునుపే తెలియుట మేలు గదా! ఆ మేలు నెంచియే మేము డాగరును ఎంచుకొంటిమి.

పని మొదలుపెట్టి, విద్యార్థుల పట్టిక, రుసుముల లెక్క, రసీదుల నిలువ, చీటీల ముద్రణ అను భాగములను వేఱువేఱుగా వ్రాసికొంటిమి. రెండవనాటి సాయంకాలము అన్నిటిని జేర్చి కంపైలరునకు ఒప్పగించితిమి. తెరమీద ఎఱ్ఱని వ్రాత వర్షమువలె గురియసాగెను. ఆగిన పిమ్మట లెక్కింపగా సరిగా నూఱు తప్పులు. అన్నియు నొక్క తీరుననే యుండెను: ఈ పేరు గల వస్తువు కనబడలేదు, ఆ పేరు గల వస్తువు కనబడలేదు అని. విద్యార్థు లిద్దరును మొగములు వేలవైచిరి.

ఇక్కడ మా మొదటి యవివేకము చెప్పవలసి యున్నది. తప్పు లన్నిటిని దిద్దవలయును గావున మొదటి దానినుండి వరుసగా దిద్దుకొని పోవుదమని యారంభించితిమి. పేర్ల యక్షరములు చూచితిమి, పుటలు మార్చితిమి, సరిగా నున్న పంక్తులను గూడ చెఱిపి వ్రాసితిమి. మూడవనాటి మధ్యాహ్నమువఱకు శ్రమపడినను నూఱు నూఱుగానే యుండెను. ఒక తప్పు పోయినచో ఒకటి క్రొత్తగా వచ్చుచుండెను.

అప్పుడు విద్యార్థులలో చిన్నవాడు, "అన్నా, ప్రతిసారియు సరిగా నూఱే యెందుకు వచ్చుచున్నవి? తొంబదితొమ్మిది యేల కారాదు?" అని యడిగెను. ఆ ప్రశ్న మాకు కన్ను దెఱపించినది. జావా కంపైలరు వేఱుగా చెప్పనిచో నూఱు తప్పులకు మించి చూపదు.  ఎక్స్‌మాక్స్‌ఎర్స్ అను ఆజ్ఞ నిచ్చి, వేయివఱకు చూపుమని చెప్పితిమి. అప్పుడు నూటముప్పదియేడు తప్పులు వచ్చినవి. వానిలో నూటముప్పదియాఱు వెనుకటివలెనే, కనబడలేదు, కనబడలేదు అనునవి. పట్టిక చివర నున్న దొక్కటి మాత్రము వేఱు విధముగా నుండెను. అది డాగరు పలికిన మాట.

కారణ మిది. డాగరు మన చీటీలను జదివి, వానికి తగినట్లు కొన్ని క్రొత్త పుటలను దానే వ్రాయును. మన ప్రోగ్రాము ఆ పుటల పేర్లను ముందుగనే వాడుకొనుచుండును. చీటీలలో నొక్క లోప మున్నచో డాగరు ఆ పుటలను వ్రాయుట మానివేయును. మేము తెరలమీది గళ్లకు పుటలు వ్రాయు మఱియొక యుపకరణమును గూడ వాడుచుంటిమి. దాని పుటలును లేనట్లే యెంచబడెను. అందుచేత వానిని పేర్కొన్న ప్రతిచోటను కంపైలరు, కనబడలేదు అని మొఱపెట్టినది. ఉగ్రాణము తలుపు తెఱవనందున విస్తరి ముందు కూర్చున్న నూటముప్పదియాఱుగురు అన్నము లేదని కేకలు వేసినట్లు. వారి కేకలో నసత్యము లేదు. కాని వారి నొక్కొక్కరిని సమాధానపఱచుటవలన ప్రయోజనమును లేదు. తలుపేల తెఱవలేదో కనుగొనవలయును.

మా వలె చిక్కుపడువారికి ఇంకొక సంగతి చెప్పుదుము. కనబడలేదు అను తప్పులే కాని, ఎంత వెదకినను డాగరు పలికిన మాట యొక్కటియు లేనిచో, డాగరును పనికి పిలువనే లేదని యూహింపవచ్చును. ప్రోగ్రామును కూర్చు గ్రేడిలు పత్రమునందు డాగరు గ్రంథమును జేర్చి, పుటలు వ్రాయు దాని భాగమును యానొటేషన్ ప్రాసెసరుగా జేర్చుట మఱచినప్పు డిట్లగును. పలికి తప్పు చెప్పిన డాగరు వేఱు. రానేరాని డాగరు వేఱు. రెంటికిని మందు వేఱు.

ఇక మాకు దొరకిన యా యొక్క తప్పును చదివితిమి. దాని భావ మిది: "రసీదుల నిలువను నేను సమకూర్చజాలను. దానిని ఇచ్చుటకు ప్రొవైడ్స్ అను గుఱుతు గల వ్రాత కావలయును." దాని క్రింద మఱికొన్ని పంక్తు లుండెను: "రసీదుల నిలువ కావలెనన్నది రుసుముల లెక్క. రుసుముల లెక్క కావలెనన్నది చీటీల ముద్రణ. చీటీల ముద్రణను గోరినది కార్యాలయపు కాంపొనెంటు." పెద్ద విద్యార్థి నవ్వి, "ఇది మా నాయనమ్మ చుట్టరికము చెప్పినట్లే యున్నది. ఫలానివారి మేనకోడలి యాడుబిడ్డ తోడికోడలు అని!" అనెను. నిజమే. డాగరు చెప్పు తప్పును ఆ చుట్టరికము వలెనే చదువవలయును. మొదటి పంక్తిలో కొఱవడినది యుండును. చివరి పంక్తిలో దానిని మొట్టమొదట గోరినవా రుందురు. నడుమ నున్నది చేతులు మాఱిన త్రోవ. మేము రసీదుల నిలువ అనుదానిని ఇంటర్‌ఫేసుగా, అనగా పని పేరు మాత్రము చెప్పి చేయు విధము చెప్పని వ్రాతగా, నుంచితిమి. చేయు విధమును వేఱొక పుటలో వ్రాసితిమి. కాని ఇది దానికి ప్రతినిధి యని ఉగ్రాణమునకు చెప్పలేదు. బైండ్స్ అను గుఱుతుతో నొక్క పంక్తి చేర్చగానే నూటముప్పదియేడు తప్పులును ఒక్కసారిగా మాయమయ్యెను. అంతవఱకు శ్రమపడి దిద్దలేనిది ఒక్క పంక్తితో దీఱెను.

ఆ సాయంకాలమే మఱి రెండు చిక్కులు వచ్చినవి. అవియు చెప్పదగినవే.

పాఠశాల పేరును, రసీదులుంచు తావు పేరును రెండింటిని ఉగ్రాణమున జేర్చితిమి. రెండును యక్షరముల వరుసలే. ఒకే వస్తువును ఇద్దరు ఇచ్చుచున్నారు, ఎవరిది తీసికొందును? అని డాగరు తప్పు చెప్పి, రెండు చోట్లను చూపెను. ఉగ్రాణము వస్తువు జాతినే గుఱుతించునుగాని మన మనస్సులోని యుద్దేశము నెఱుగదు. ఒక తరగతిలో ఒకే పేరు గల బాలు రిద్ద రున్నప్పుడు ఉపాధ్యాయులు ఇంటిపేరుతో బిలుచునట్లు, నేమ్డ్ అను గుఱుతుతో వాని కింటిపేర్లు పెట్టితిమి. అయినను ఇచ్చుచోట పెట్టిన పేరులో నొక యక్షరము, పుచ్చుకొనుచోట పెట్టిన పేరులో వేఱొక యక్షరము పడుటచే మరల కొఱత యని చెప్పెను. పేరును ఒక్క చోటనే వ్రాసి, రెండు చోట్లను దానినే వాడినచో నీ ప్రమాద ముండదు.

మూడవ చిక్కు ఇంకను వింతయైనది. రుసుముల లెక్కకు తరగతి తెలియుటకై విద్యార్థుల పట్టిక కావలయును. విద్యార్థుల పట్టికలో పేరు ప్రక్కను బాకీ చూపుటకై రుసుముల లెక్క కావలయును. పెట్టె తాళపుచెవిని పెట్టెలోనే యుంచి తాళము వేసినట్లయినది. ఏది ముందు నిర్మింపవలయును? డాగరు ఈ చక్రమును గుర్తించి, ఎక్కడ బయలుదేఱి యెక్కడికి వచ్చుచున్నదో వరుసగా జూపెను. రెంటిలో నొకదానిని వెంటనే కాక కావలసినప్పుడే తెప్పించుకొనునట్లు ప్రొవైడరు లేక లేజీ అను నుపాయముతో తప్పును దాటవచ్చును. కాని విచారింపగా, పట్టికలో బాకీ చూపు పని యసలు పట్టికది కాదని తోచెను. బాకీల పత్ర మను మూడవ భాగమును గల్పించి, ఆ పని దానికి అప్పగించితిమి. అది రెంటిని అడుగును. అవి దానిని అడుగవు. చక్రము విడిపోయెను. తప్పు దిద్దుటలో ప్రోగ్రాము రూపము గూడ బాగుపడెను. ఇట్టి వేళలలో కంపైలరు మందలింపు గురువుగారి మందలింపు వంటిదని మాకు తోచుచుండెను.

ఇంతవఱకు జెప్పినది మా పాండిత్యము. ఇక మా యపరాధము.

నాలుగవనాడు మినహాయింపుల సంగతి మిగిలెను. రుసుముల లెక్కకు మినహాయింపు నిబంధన అను నొక భాగము కావలయునని చీటిలో జేర్చితిమి. నిబంధనను వ్రాయుటకు గుమాస్తాగారి నడిగి ఏయే బిడ్డకు ఎంత యని తెలిసికొనవలయును. వారు బంధువుల యింట వివాహమునకై పొరుగూరు వెళ్లియుండిరి. రెండు దినములకు గాని తిరిగి రారు. కంపైలరు యథాప్రకారము, మినహాయింపు నిబంధనను సమకూర్చజాలను అని చెప్పి ఆగెను. అప్పటికి సాయంకాల మైదు గంటలు. విద్యార్థులు చీటీలు అచ్చు యంత్రమునుండి వచ్చుట చూడవలయునని యువ్విళ్లూరుచుండిరి. మాకును అదే యాతురము. ఈ తప్పు నోరు మూయించుటకు ఉపాయ మేమని యాలోచించి, ఎవ రడిగినను మినహాయింపు సున్న యని బదులుచెప్పు నొక శూన్యపు నిబంధనను నాలుగు పంక్తులలో వ్రాసి ఉగ్రాణమున నుంచితిమి. రేపు దీనిని దీసివైచి నిజమైనదానిని వ్రాయుదమని యనుకొంటిమి. కంపైలరు ఒక్క తప్పైనను చెప్పలేదు. చీటీలు చకచక వచ్చినవి. పిల్లలు చప్పట్లు చఱచిరి.

ఆ రాత్రియే మా యుద్యోగపు పనిమీద వెంటనే పట్టణమునకు రావలసినదని ఫోనుద్వారా పిలుపు వచ్చెను. తెల్లవాఱుజామున బండి యెక్కితిమి. శూన్యపు నిబంధన సంగతి పిల్లలకు చెప్పలేదు. కాగితముపై వ్రాసి యుంచలేదు. పట్టణము చేరిన పిమ్మట మాకును జ్ఞాపకము రాలేదు. ప్రోగ్రాము సిద్ధమైనదని పిల్లలు ప్రధానోపాధ్యాయులతో జెప్పిరి. మే నెలాఖరున రుసుముల చీటీలు అచ్చై ఇండ్లకు బోయినవి.

జూన్ నెలలో పాఠశాల తెఱచు దినమున మేము వచ్చి, మా ప్రోగ్రాము పని చేయు చక్కదనమును చూడగోరి గుమాస్తాగారి ప్రక్కను గూర్చుంటిమి. పదిగంటల వేళ తలపాగ చుట్టిన యొకాయన, వ్యవసాయపు కూలి, తన కుమారుని చేయి పట్టుకొని వచ్చి, చీటిని, దానితో మడతలు పెట్టిన నోట్లను బల్లమీద నుంచెను. గుమాస్తాగారు లెక్క పెట్టి, "ఆఱు వేలేల తెచ్చితివి? మీ వానికి మూడు వేలే గదా?" అనిరి. ఆయన, "ఈ యేడు అట్లా లేదు బాబూ, చీటీలో ఆఱు వేలని వ్రాసినారు. మూడు వేలు చేతిలో నుండె. తక్కిన మూడు వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినాను" అనెను.

గుమాస్తాగారు చీటిని జూచి, మా వైపు చూచిరి. మా నోట మాట రాలేదు. శూన్యపు నిబంధన యప్పుడు జ్ఞాపకము వచ్చినది.

ఆయన మమ్ము కోపపడలేదు. మూడు వేలు తిరిగి యిచ్చి, తండ్రిని కూర్చుండబెట్టి మంచినీళ్లు తెప్పించిరి. పిమ్మట నొక తెల్లకాగితము తీసికొని, దస్తరమైనను చూడకుండ, మినహాయింపు గల పిల్లల పేర్లు వ్రాయ నారంభించిరి. పావుగంటలో ముప్పదియొక్క పేర్లు వ్రాసిరి. ప్రతి పేరు ఎదుట సగమో, పూర్తియో, ఏ కారణముననో గుఱుతు పెట్టిరి. కాగితము మా చేతి కిచ్చి మెల్లగా నిట్లనిరి: "నీ యంత్రము నిన్ను అడిగినది నాయనా. తెలియదు అని చెప్పి యుండిన నింత వచ్చెడిది కాదు. నీవు సున్న యని చెప్పితివి."

ఆ మధ్యాహ్నము మేమును, ఆ యిద్దరు విద్యార్థులును ముప్పదియొక్క యిండ్లకును బయలుదేఱితిమి. కొందఱు నవ్వి పంపిరి. కొందఱు అప్పటికే అప్పు చేసియుండిరి. వారికి వడ్డీ సొమ్ము మేము చెల్లించితిమి. ఒక బాలిక యింట మాత్రము ఆలస్యమయ్యెను. పూర్తి మినహాయింపు పోయినదని తలంచి, ఆమెను చదువు మాన్పించుటకు ఇంటివారు నిశ్చయించుకొని యుండిరి. ఆమె తల్లితో గూడ కూలికి బోయి యుండెను. సాయంకాలము వారు తిరిగి వచ్చువఱకు అరుగుమీద కూర్చుంటిమి. చీటి తప్పని చెప్పి, తప్పు మాది యని చెప్పి, క్షమాపణ వేడితిమి. మఱునాడు ఆ బాలిక బడికి వచ్చినది. రాక యుండిన నేమగునో యను తలంపు ఇప్పటికిని మమ్ము బాధించుచున్నది.

పిమ్మట కార్యాలయమునకు వచ్చి, శూన్యపు నిబంధనను తుడిచివైచితిమి. వెంటనే కంపైలరు వెనుకటి మాటనే పలికెను: మినహాయింపు నిబంధనను సమకూర్చజాలను. ఏప్రిలు నెలలో మాకు విసుగు పుట్టించిన యా మాటయే యిప్పుడు మాకు ధర్మపన్నముగా దోచెను. కొఱవడినదానిని పేరు పెట్టి చెప్పినది. ఎవరికి కావలెనో చెప్పినది. ఎవరి ద్వారా వచ్చినదో చెప్పినది. ఇంతకంటె నేమి చెప్పవలయును? గుమాస్తాగారిని ప్రక్కను గూర్చుండబెట్టుకొని నిజమైన నిబంధనను వ్రాసితిమి. వారు వ్రాసిన ముప్పదియొక్క పేర్ల కాగితమును ప్రోగ్రామునకు పరీక్షగా గూర్చితిమి. ఇప్పుడు ఆ ప్రోగ్రామును ఎవరు మార్చి కూర్చినను, ఆ పేర్లకు సరియైన రుసుము వచ్చునో లేదో మొదట సరిచూచిన పిమ్మటనే చీటీలు అచ్చగును. కంపైలరు చూడలేనిదానిని ఆ పరీక్ష చూచును.

ఏలయన, మేము తెలిసికొన్న ముఖ్యవిషయ మిది. కంటెయినరును కంపైలరును కలిసి, ఇచ్చువా డొక డున్నాడా? అని మాత్రమే యడుగును. వా డిచ్చునది నిజమా, బూటకమా యని అడుగజాలవు. కావున తప్పు లేదని కంపైలరు ఊరకుండుట ప్రోగ్రాము సరిగా నున్నదనుటకు సాక్ష్యము కాదు. తప్పును దిద్దుట వేఱు. తప్పు నోరు మూయించుట వేఱు. రెంటికిని తెరమీద కనబడు ఫలము ఒక్కటియే యగుటచేత మోసపోవుట సులభము.

తాత్కాలికముగా నొక బొమ్మను నిలువవలసివచ్చుట ఈ వృత్తియందు సామాన్యమే. నిలుపవలదని మేము చెప్పము. కాని బొమ్మను నిలిపినచో దానిచేత సున్న యనిపింపక, ఇది యింకను వ్రాయబడలేదు అని కేక వేసి ప్రోగ్రామును ఆపునట్లు వ్రాయవలయును. అట్లు వ్రాసియుండిన మొదటి చీటియే అచ్చు కాకుండెడిది. పిల్లలు మాకు ఫోను చేసెడివారు. పని యొక దినము ఆలస్యమయ్యెడిది. ఒక దినపు టాలస్యమునకు, ఒక బాలిక చదువునకు నెంత భేదమో విద్యార్థులే యోచింతురు గాక.

నూఱు తప్పులు మీద బడినప్పుడు బెదరి ఒక్కొక్కదానితో పోరాడక, తక్కిన వన్నియు దేనివలన పుట్టినవో ఆ యొక్కదానిని వెదకవలయును. దొరకినప్పుడు దానిని తుదివఱకు చదువవలయును. చదివిన పిమ్మట అది యడిగినదానికి నిజమైన బదులు చెప్పవలయును. తెలియనప్పుడు తెలియదని చెప్పవలయును. మొదటి రెండును మేము మూడు దినములలో నేర్చితిమి. మూడవది నేర్చుటకు ముప్పదియొక్క యిండ్ల గడపలు ఎక్కవలసివచ్చెను.

గుమాస్తాగారు జూలైలో పని విరమించిరి. ఆ నాడు వారు తమ దస్తరమును మూసి, మా ప్రోగ్రామునందు తామే కూర్చుండి యొక చీటి నచ్చువేసి చూచిరి. సగము రుసుము సరిగా వచ్చినది. కండ్లజోడు తీసి తుడుచుకొని, "ఇప్పుడు దీనికి జ్ఞాపక మున్నది" అని చెప్పి వెడలిపోయిరి.